సెర్చ్‌లో వార్త పైకి ఎలా వస్తుంది? అపోహలు - వాస్తవాలు

డిజిటల్ న్యూస్ డెస్క్‌లో నా పని, మా వాళ్లు రాసిన వార్త వెతికినవాళ్లకు దొరికేలా చూడటం. రిపోర్టర్లు "మన వార్త కిందెందుకు ఉంది?" అని అడుగుతారు. పాఠకులేమో "పైన ఉందంటే నిజమే కదా?" అంటారు. నాకు టెన్షన్ పెట్టేది ఈ రెండో ప్రశ్నే. అందుకే దానితోనే మొదలుపెడతాను.

అపోహ: అన్నిటికంటే పైన కనిపించే వార్త నమ్మదగినదే.

వాస్తవం: సెర్చ్ ఇంజిన్ ఘటనా స్థలానికి వెళ్లదు, ఎవరికీ ఫోన్ చేసి నిర్ధారించుకోదు. బయటికి కనిపించే గుర్తులను బట్టి అంచనా వేస్తుంది. వెతికిన మాటలకు వార్త ఎంత దగ్గరగా ఉంది, ఎంత తాజాది, ఆ విషయంలో ఆ సంస్థకు ఎంత పేరుంది, మిగతావాళ్లు దాన్ని ఎంతగా ప్రస్తావిస్తున్నారు, వెతికే మనిషి ఏ ప్రాంతంలో, ఏ భాషలో ఉన్నాడు అన్నవి అందులో ముఖ్యమైనవి. మామూలు రోజుల్లో ఈ అంచనా చాలావరకు బాగానే పనిచేస్తుంది.

పెద్ద ఘటన జరిగిన తొలి గంటల్లో మాత్రం దెబ్బతింటుంది. 2017 అక్టోబర్‌లో లాస్ వెగాస్ కాల్పుల తర్వాత ఏ సంబంధమూ లేని ఒక వ్యక్తిని కాల్పులు జరిపినవాడిగా చూపిన, పేరు చెప్పకుండా ఎవరైనా రాయగలిగే ఫోర్‌చాన్ సైట్‌లోని చర్చ కొద్దిసేపు గూగుల్ టాప్ స్టోరీస్‌లో (సెర్చ్ ఫలితాల్లో వార్తలకు కేటాయించిన విభాగంలో) కనిపించింది. అలా కనిపించి ఉండాల్సింది కాదని గూగుల్ ఒప్పుకుంది. నిన్నటిదాకా ఎవరూ వెతకని పేరు మీద నమ్మదగిన వార్తలు ఉండవు. పుకారు పుట్టిన నిమిషంలో ఆ పేరుతో దొరికేవి ఆ పుకారు పేజీలే. ఇలాంటి ఖాళీకి మైక్రోసాఫ్ట్‌కు చెందిన మైఖేల్ గోలెబియోవ్‌స్కీ 'డేటా వాయిడ్' అని పేరు పెట్టారు. వేగంగా మారుతున్న విషయాలపై ఫలితాలు ఇంకా కుదురుకోలేదని హెచ్చరించే సూచనను గూగుల్ 2021లో తెచ్చింది. అది కనబడినా కనబడకపోయినా, తొలి గంటల్లో బయటికొచ్చిన నిందితుడి పేరును దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. అవతల ఒక కుటుంబం ఉంటుంది.

అపోహ: ముందు పెట్టినవాళ్లే పైన ఉంటారు.

వాస్తవం: తాజాదనానికి విలువ ఉన్నమాట నిజం. తాజా ఫలితాలను ముందుకు తేవడానికి 2011 నవంబర్‌లో గూగుల్ తెచ్చిన మార్పు దాదాపు 35 శాతం వెతుకులాటలపై ప్రభావం చూపుతుందని అప్పట్లో ఆ సంస్థే చెప్పింది. కానీ ముందుగా పెట్టడం వేరు, ఆ వార్తకు మూలం మనమేనని తెలిసేలా పెట్టడం వేరు. ఈ తేడా నాకు నొప్పితోనే తెలిసింది. మా రిపోర్టర్ ఒకరు మూడు వారాలు తిరిగి పత్రాలు సంపాదించి ఒక కథనం రాశారు. అరగంటలో మరో సైట్ దాన్ని తిరగరాసి, మా పేరు గానీ లింకు గానీ లేకుండా పెట్టేసింది. సాయంత్రం దాకా వాళ్లదే పైన ఉంది. ఆ రిపోర్టర్ ముఖం చూడలేకపోయాను. తర్వాత రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే మా తప్పు కూడా కనబడింది. మా హెడ్‌లైన్‌లో చమత్కారం ఉంది గానీ, జనం వెతికే మాట లేదు. పత్రాలు మేమే సంపాదించామన్న సంగతి ఆరో పేరాలో ఉంది. ఇప్పుడు ఆ వాక్యం రెండో పేరా దాటితే నేను కాపీని వెనక్కి పంపుతాను.

మూల కథనాలకు ఎక్కువ చోటిస్తామని, వాటిని ఎక్కువసేపు పైన ఉంచుతామని గూగుల్ 2019 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అయినా యంత్రానికి మూలం ఏదో ఇప్పటికీ ప్రతిసారీ దొరకదు. మిగతా సంస్థలు మర్యాదగా మనకు లింకు ఇచ్చినప్పుడు దొరికే అవకాశం పెరుగుతుంది. మీ వార్తను ఒప్పందంపై వేరే సైట్‌కు ఇస్తుంటే, వాళ్ల కాపీని ఇండెక్స్ కాకుండా (సెర్చ్ జాబితాలోకి చేరకుండా) ఆపమని అడగండి. అసలు పేజీ ఏదో సెర్చ్ ఇంజిన్‌కు సూచించే కెనానికల్ ట్యాగ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇక, వార్తలో ఏమీ మార్చకుండా తేదీ, సమయం మార్చి మళ్లీ వదలడం గూగుల్ సూచనలకు విరుద్ధం. అంతకంటే ముందు అది పాఠకుడిని మోసం చేయడం.

అపోహ: డబ్బు కట్టాలి, రిజిస్టర్ కావాలి, ఏఎంపీ పేజీలు (మొబైల్‌లో వేగంగా తెరుచుకునేలా చేసిన పేజీలు) ఉండాలి, పేజీ కోడ్‌లో ఉండే కీవర్డ్స్ ట్యాగ్ నింపాలి.

వాస్తవం: ఇవేవీ అక్కర్లేదు. ప్రకటనలు ఇచ్చినంత మాత్రాన మామూలు ఫలితాల్లో స్థానం మారదు. 2019 డిసెంబర్ నుంచి గూగుల్ న్యూస్‌కు ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. టాప్ స్టోరీస్‌కు ఏఎంపీ నిబంధన 2021లో పోయింది. కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగ్‌లో వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. దాని మీద పెట్టే సమయం బైలైన్ (రాసినవారి పేరు), తేదీ, సంస్థ వివరాలు, సంప్రదించే మార్గం సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి పెట్టండి.

అపోహ: ఎవరో కూర్చుని ఏ పత్రిక పైన ఉండాలో నిర్ణయిస్తారు.

వాస్తవం: గూగుల్ తరఫున ఫలితాల నాణ్యతకు మార్కులు వేసేవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. ఆ మార్కులు అల్గారిదమ్ సరిగా పనిచేస్తోందా లేదా అని పరీక్షించడానికే. వాటివల్ల నేరుగా మీ పేజీ పైకీ పోదు, కిందికీ రాదు. "మా ఈ-ఈ-ఏ-టీ స్కోర్ ఎంత?" అని అడుగుతుంటారు. అలాంటి స్కోర్ లేదు. ఈ-ఈ-ఏ-టీ అంటే అనుభవం, నైపుణ్యం, అధికారికత, విశ్వసనీయత. ఇవి మార్కులు వేసేవాళ్లు చూసే కొలమానాలు. మనుషులు నేరుగా చర్య తీసుకునేది నిబంధనలు మీరినప్పుడే. పేరున్న వార్తా సైట్లలో కొంత భాగాన్ని కూపన్ల వాళ్లకో, అప్పుల ప్రచారానికో అద్దెకివ్వడంపై 2024లో అలాంటి చర్యలు మొదలయ్యాయి. పాఠకులు పత్రిక మీద పెట్టుకున్న నమ్మకాన్ని అద్దెకివ్వడం అది. ఆ చర్యలు నాకు సబబుగానే అనిపించాయి.

అపోహ: నాకు కనిపించిన వరుసే అందరికీ కనిపిస్తుంది.

వాస్తవం: గూగుల్ యాప్‌లో వెతక్కుండానే కథనాలు చూపే డిస్కవర్ ఫీడ్ మీ ఆసక్తులను బట్టి తయారవుతుంది. గూగుల్ న్యూస్‌లో 'మీ కోసం' కూడా అంతే. ఒకే ఘటనపై వేర్వేరు సంస్థల కథనాలను ఒకచోట చూపే 'ఫుల్ కవరేజ్'ను మాత్రం గూగుల్ న్యూస్‌లో అందరికీ ఒకటే చూపేలా 2018లో తెచ్చారు. మామూలు సెర్చ్‌లో కూడా ప్రాంతం, భాష, సమయం మారితే వరుస మారుతుంది. అందుకే "మనం మూడో స్థానంలో ఉన్నాం" అని ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే, ముందు నాలుగు విషయాలు అడుగుతాను: ఏ మాటతో వెతికారు, ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు, ఏ విభాగంలో?