పాత ల్యాప్‌టాప్‌లో టీవీ గేములు: ఎమ్యులేటర్లపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా వృత్తి. వేసవి సెలవులు వచ్చాయంటే రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు నుంచి కూడా పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువగా పెద్దలు, మూలన పడేసిన యంత్రాలను దుమ్ము దులిపి తెచ్చి, చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన ఆటలను వాటిలో మళ్ళీ ఆడుకునేలా చేసివ్వమని అడుగుతుంటారు. అది సాధ్యమే; ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ ఉన్న చిన్న నెట్‌బుక్‌లో కూడా చాలావరకు సాధ్యమే. అయితే వచ్చేవారిలో ఎక్కువమంది అవసరం లేని భాగాల మీద అప్పటికే డబ్బు ఖర్చు పెట్టి ఉంటారు, లేదా ఆ యంత్రం పనికిరాదని తేల్చేసుకుని ఉంటారు. ఎమ్యులేటర్ అంటే టీవీ గేము యంత్రాన్ని, అంటే కన్సోల్‌ను, కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాము. అది ఏ పని చేస్తుందో, అందుకు దానికి ఎంత సమయం దొరుకుతుందో తెలిస్తే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి.

అపోహ: మొదటి ప్లేస్టేషన్ వేగం 34 మెగాహెర్ట్జ్ కూడా లేదు, నా ల్యాప్‌టాప్‌ది 1600 మెగాహెర్ట్జ్, కాబట్టి ఏ పాత ఆటైనా అవలీలగా నడవాలి.

వాస్తవం: ఈ లెక్క అంకెల్లో సరైనదే గాని, అసలు పనిని లెక్కలోకి తీసుకోలేదు. కన్సోల్ ప్రాసెసర్‌కు రాసిన ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్‌కు అర్థం కావు గనుక, ఎమ్యులేటర్ ఒక్కో ఆదేశాన్ని చదివి, అదేమిటో తేల్చి, తనకు తెలిసిన ఆదేశాలతో ఆ పని చేయించాలి. ఆ మార్పిడిని ముందే చేసి దాచుకునే రీకంపైలర్ లేకపోతే, అసలు ఆదేశం ఒక్కదానికి ఇక్కడ పదుల సంఖ్యలో ఆదేశాలు ఖర్చవుతాయి. పైగా కన్సోల్‌లో ఉన్నది ఒక్క ప్రాసెసర్ కాదు. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో కన్సోల్ ఫామికామ్‌నే తీసుకుంటే, 1.79 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక అడుగు వేసేలోగా బొమ్మ గీసే చిప్ మూడు చుక్కలు దాటుతుంది. ఒక ఫ్రేములో, అంటే తెరమీద ఒకసారి మారే బొమ్మలో, 262 గీతలు, గీతకు 341 చుక్కల కాలం, అంటే ఫ్రేముకు 89 వేలకు పైగా చుక్కలు. ఈ రెండూ, వాటితోపాటు ధ్వని పుట్టించే భాగమూ ఒకదానితో ఒకటి అడుగు తప్పకుండా నడిచేటట్టు చూడటంలోనే ఎమ్యులేటర్ శ్రమలో అధికభాగం ఉంది. అదంతా సుమారు 16.7 మిల్లీసెకన్లలో పూర్తికావాలి, ఎందుకంటే సెకనుకు 60 ఫ్రేములు చూపించాలి. ఒక్క ఫ్రేము ఆలస్యమైనా కంటికి తెలుస్తుంది, చెవికి ఇంకా ముందే తెలుస్తుంది.

ఈ పని చాలామటుకు వరుసగా జరగవలసిందే కాబట్టి, పాత కన్సోళ్ళ విషయంలో కోర్ల సంఖ్య పెద్దగా అక్కరకు రాదు. ఒక్క కోరు ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే ముఖ్యం. 2008 నాటి ఆటమ్ ఎన్270 ఉన్న యంత్రంలో ఫామికామ్, మెగా డ్రైవ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు తగిన ఎమ్యులేటర్‌తో హాయిగా నడుస్తాయి. ప్లేస్టేషన్ ఆటలు మాత్రం అంచున ఉంటాయి. కోర్ 2 డ్యుయో ఉంటే ప్లేస్టేషన్‌కు కూడా ఢోకా లేదు. ప్లేస్టేషన్ 2 సంగతి వేరు. దాని ఎమ్యులేటరైన పీసీఎస్ఎక్స్2 కొత్త విడుదలలకు 64-బిట్ వ్యవస్థ, ఎస్ఎస్ఈ 4.1 ఆదేశాలున్న ప్రాసెసర్ తప్పనిసరి. ఎన్270 అసలు 32-బిట్ ప్రాసెసర్, 2006 నాటి మొదటి కోర్ 2 డ్యుయోలలో ఆ ఆదేశాలే లేవు. అటువంటి యంత్రంలో దానికోసం గంటలు వెచ్చించవద్దని నేను మొదటే చెప్పేస్తాను.

అపోహ: "అన్నా, ఇంకో 2 జీబీ ర్యామ్ వేసి, ఎస్ఎస్‌డీ పెడితే ఆట స్పీడవుతుంది గదా?"

వాస్తవం: కాదు. ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ మొత్తం 2 ఎంబీ, ఫామికామ్‌ది 2 కేబీ. ప్లేస్టేషన్ సీడీ డ్రైవు రెట్టింపు వేగంలో చదివేది సెకనుకు 300 కేబీ మాత్రమే. ఎంత పాత హార్డ్ డిస్కైనా అంతకు ఎన్నో రెట్లు వేగంగా చదువుతుంది. ఎస్ఎస్‌డీ వల్ల ల్యాప్‌టాప్ త్వరగా ఆన్ అవుతుంది, అది నిజంగా మంచి సౌకర్యమే. ఆట వేగం మాత్రం మారదు. ర్యామ్ పెంచడం ఉపయోగపడేది, వెనుక నడిచే ఇతర ప్రోగ్రాములతో మెమరీ నిండిపోయి డిస్కు గిరగిరా తిరుగుతున్నప్పుడే. ఆ పరిస్థితికి ఇంకా చవకైన మార్గముంది: తేలికైన లినక్స్ వేసుకోవడం, లేదా డెస్క్‌టాప్ అనేదే లేకుండా నేరుగా ఆటల మెనూలోకి వెళ్ళే లక్కా వంటి వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుంచి నడపడం. 32-బిట్ యంత్రం ఉన్నవారు ఒక సంగతి గమనించాలి: 2025లో విడుదలైన డెబియన్ 13 అనే లినక్స్‌కు 32-బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు.

డబ్బు పెట్టేముందు యంత్రానికి ఎంత సత్తా మిగిలి ఉందో కొలుచుకోవచ్చు. రెట్రోఆర్చ్‌లో (అనేక ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రాము ఇది) తెరమీద ఫ్రేముల సంఖ్య కనిపించే అమరిక పెట్టి, ఆట నడుస్తుండగా స్పేస్ కీ నొక్కితే వేగ పరిమితి తొలగిపోతుంది. సంఖ్య 60 నుంచి 180కి ఎగబాకిందంటే ఫ్రేముకు దొరికే సమయంలో మూడో వంతుతోనే పని అయిపోతోందని అర్థం. 65 దగ్గరే ఆగిపోతే, శత్రువులు గుంపుగా వచ్చే చోట ఆట తప్పకుండా తడబడుతుంది. నా దగ్గరకు వచ్చే ప్రతి యంత్రానికీ మొదట చేసే పరీక్ష ఇదే.

అపోహ: కొత్తది, కచ్చితమైనది అయిన ఎమ్యులేటరే ఎప్పుడూ మేలు.

వాస్తవం: కచ్చితత్వానికి వెల ఉంది, ఆ వెల ప్రాసెసర్ చెల్లిస్తుంది. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్, దాన్ని ఏ లోపమూ లేకుండా అనుకరించడానికి 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఎందుకు కావాలో ఆ కన్సోల్‌కు బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసిన రూపకర్త 2011లోనే వివరంగా రాశారు. పాత ల్యాప్‌టాప్‌కు అదే కన్సోల్‌కున్న మరో ఎమ్యులేటర్ స్నెస్9ఎక్స్ సరైన ఎంపిక. ఇంకా నీరసమైన యంత్రాలకు రెట్రోఆర్చ్‌లో స్నెస్9ఎక్స్ 2010, 2005 అనే తేలిక కోర్లు (అందులో నడిచే ఎమ్యులేటర్లను అలా అంటారు, ప్రాసెసర్ కోర్లు కావు) ఉన్నాయి. ఒకే కన్సోల్ ఆటలన్నింటి బరువూ ఒకటి కాదని కూడా గుర్తుంచుకోవాలి: సూపర్ ఎఫ్ఎక్స్ వంటి అదనపు చిప్ క్యాసెట్టులోనే ఉన్న ఆటలకు ఎమ్యులేటర్ ఆ చిప్‌ను కూడా అనుకరించవలసి వస్తుంది కాబట్టి, మిగతావి సాఫీగా నడిచిన యంత్రంలోనే అవి మొరాయిస్తాయి.

అపోహ: చిన్నప్పటికంటే ఆట వేగంగా నడుస్తోంది, ఎమ్యులేటర్‌లో ఏదో తప్పుంది.

వాస్తవం: ఈ మాట అనేవారి జ్ఞాపకం నిజమే. మన ఊళ్ళలో 1990లలో దొరికిన టీవీ గేములలో అధికభాగం ఫామికామ్ నకళ్ళు. మన పాల్ ప్రసార పద్ధతి టీవీలు సెకనుకు 50 సార్లు బొమ్మ మార్చేవి గనుక, వాటికి తగినట్టు తయారైన నకలు యంత్రాలూ 50 ఫ్రేములకే పనిచేసేవి. ఆటలేమో జపాన్, అమెరికా టీవీల 60 ఫ్రేములను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అంటే మనం ఆడినది అసలు వేగంలో ఆరింట ఐదు వంతులే! ప్రాసెసర్ గడియారం మాత్రం దాదాపు అంతే ఉండటంతో, సంగీతం నడక మందగించినా శ్రుతి ఇంచుమించు మారలేదు. అందుకే తేడా అప్పుడు ఎవరికీ తెలియలేదు. నెస్టోపియా, ఎఫ్‌సీఈయూఎక్స్, మెసెన్ ఎమ్యులేటర్లలో ప్రాంతం అన్న అమరికలో 'డెండీ' అని ఎంచుకుంటే (రష్యాలో అమ్మిన అటువంటి నకలు యంత్రం పేరది) ఆ పాత నడకే తిరిగి వస్తుంది. ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు దొరుకుతాయి కాబట్టి నీరసమైన ప్రాసెసర్‌కు కూడా అది కాస్త ఊరట. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్‌ది అయితే కదలికలో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఆ జ్ఞాపకం కావాలనుకునేవారికి అది అడ్డు కాదని నా అభిప్రాయం.

అపోహ: శబ్దం గరగరమంటే స్పీకర్లు పోయినట్టే.

వాస్తవం: పాటలు శుభ్రంగా వినిపిస్తూ ఆటలో మాత్రమే గరగర వస్తుంటే స్పీకర్లను విప్పనక్కరలేదు. ఫ్రేము సమయానికి పూర్తికాక, ధ్వని నిల్వ ఖాళీ అవుతోందని దాని అర్థం. రెట్రోఆర్చ్‌లో ఆడియో లేటెన్సీని (ధ్వని ఆలస్యాన్ని) 64 నుంచి 128 మిల్లీసెకన్లకు పెంచి చూడాలి; పాత టీవీ తెరలా కనిపించేందుకు పెట్టిన షేడర్లను తీసేయాలి, జీఎంఏ 950 వంటి గ్రాఫిక్స్‌కు అవి మోయలేని బరువు. 1366×768 తెర మీద 256×240 బొమ్మను సరిగ్గా మూడు రెట్లు పెంచితే, షేడర్ లేకుండానే చుక్కలు సమానంగా, స్పష్టంగా ఉంటాయి.

అపోహ: పొద్దున బాగా నడిచిన ఆట మధ్యాహ్నం నెమ్మదిస్తే వైరస్ చేరినట్టు.

వాస్తవం: మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ ఫిర్యాదు ఎక్కువవుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. విప్పి చూస్తే ఫ్యానుకూ హీట్‌సింక్ రెక్కలకూ మధ్య దుమ్ము దూదిపరుపులా అట్టకట్టి ఉంటుంది; ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారి, గోటితో గీరితే పొడిగా రాలుతుంది. ర్యామ్‌కు పెట్టబోయే డబ్బులో కొంత ఈ శుభ్రతకు పెట్టడం ఎంతో నయం. కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారినప్పుడు పవర్ సేవర్ అమరిక కూడా వేగాన్ని ఇలాగే తగ్గిస్తుంది.

అపోహ: పాత ఆటలు ఎవరైనా దించుకోవచ్చు, 24 గంటల్లో తీసేస్తే తప్పు లేదు.

వాస్తవం: అటువంటి వెసులుబాటు చట్టంలో ఎక్కడా లేదు. ఎమ్యులేటర్ వాడటం వేరు, ఆట ప్రతి వేరు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా వర్తిస్తుంది. న్యాయబద్ధంగా పొందిన ప్రతికి, పాడవకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవడానికి 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఎవరి దగ్గరా కొనని ప్రతికి ఆ రక్షణ లేదు. ఈ పాత యంత్రాల కోసం ఔత్సాహికులు ఇప్పటికీ కొత్త ఆటలు రాసి ఉచితంగా పంచుతున్నారు. నేను పరీక్షకు వాడేవి అవే.

అపోహ: ఆటలోనే సేవ్ చేశాను, ఇక భయం లేదు.

వాస్తవం: మా దగ్గరకు వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటి బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి, అవి గోడ ప్లగ్గు మీదే బతుకుతున్నాయి. ఆటలో సేవ్ చేసినప్పుడు ఆ సమాచారం ముందు మెమరీలోని క్యాసెట్టు భాగంలోకి మాత్రమే వెళుతుంది. రెట్రోఆర్చ్ దాన్ని డిస్కు మీది ఫైలులోకి మామూలుగా ఆటను మూసినప్పుడే రాస్తుంది. ఆలోగా కరెంటు పోతే ఆ పూట ఆడినదంతా పోతుంది. సేవింగ్ అమరికల్లో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ విరామాన్ని 10 సెకన్లకు పెట్టుకోవాలి. సేవ్ స్టేట్ (ఆట ఆ క్షణంలో ఉన్న స్థితిని ఎమ్యులేటరే దాచడం) వెంటనే డిస్కు మీద పడుతుంది గాని, ఎమ్యులేటర్ విడుదల మారితే అది తెరుచుకోకపోవచ్చు; అందువల్ల నెలల తరబడి ఆడే ఆటకు రెండు పద్ధతులూ వాడుతూ, ఆ ఫైళ్ళను అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసి పెట్టుకోవాలి.