ఆకులు కమ్ముకునే లోపు

ఏప్రిల్ మూడో వారంలో ఇంగ్లండ్‌లోని ఏ పాత ఆకురాల్చు అడవిలోకి అడుగుపెట్టినా కళ్లు ముందు నేల మీదికే పోతాయి. పైన ఓక్ చెట్లు ఇంకా బోసిగానే ఉంటాయి. కొమ్మల చివర గోధుమరంగు మొగ్గలు ఉబ్బి ఉంటాయంతే. కింద మాత్రం సందడంతా జరిగిపోతుంటుంది. తెల్లటి వుడ్ అనిమోన్లు, లేత పసుపు ప్రిమ్‌రోజ్‌లు పూసి ఉంటాయి. వాటి వెనకే ఎకరాలకు ఎకరాలు నీలం పరుస్తూ బ్లూబెల్స్ వస్తాయి. పైన చెట్లు చిగురించకముందే కింద ఇంత తొందర దేనికంటే, వెలుతురు కోసం.

ఎండాకాలంలో ఓక్, బీచ్, హేజెల్ ఆకులన్నీ కమ్ముకున్నాక, దట్టమైన చోట్ల నేలకు చేరే వెలుతురు పదో వంతు కూడా ఉండదు. చలికాలంలో ఆకులుండవు కానీ సూర్యుడు బాగా కిందుగా తిరుగుతాడు, పగలు చిన్నది, చలి ఎక్కువ. ఈ రెండింటి మధ్య మార్చి నుంచి మే మధ్య వరకు ఒక చిన్న వ్యవధి ఉంటుంది. ఎండ బలపడుతుంది, నేల వెచ్చబడుతుంది, పైన పందిరి ఇంకా మూసుకోదు. నేల మీది చిన్న మొక్కలు ఏడాది సంపాదనంతా ఆ కొద్ది వారాల్లోనే సంపాదించుకోవాలి.

బ్లూబెల్ ఈ పనిలో ఆరితేరింది. పోయినేడు దుంపలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే ఆకు పైకి తోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. జూన్ కల్లా ఆకులు పసుపుబారి నేలకు ఒరుగుతాయి, అప్పటికి దుంప మళ్లీ నిండి ఉంటుంది. గింజ మొలిచి పువ్వు దాకా రావడానికి ఐదేళ్లయినా పడుతుంది. ఫొటో కోసం ఆ పూల మధ్యలోకి నడిచేవాళ్లను చూస్తే నాకు బాధ కలిగేది అందుకే. పువ్వు తెగితే ఆ మొక్కకు పెద్ద నష్టం లేదు. ఆకు నలిగితే మాత్రం దుంపకు ఆ ఏడాది తిండి అందదు. ఒకే బాట మీద పదిమంది నడిస్తే అక్కడ బ్లూబెల్స్ తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ప్రపంచంలోని ఈ జాతి బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయని అంచనా. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటి దుంపలు తవ్వుకుపోవడం నేరం.

మన నల్లమలలోనూ చెట్లు ఆకు రాలుస్తాయి. కారణం మాత్రం వేరు. ఇంగ్లండ్‌లో చలీ, వెలుతురు లేమీ ఆకును రాల్చితే, ఇక్కడ నీటి కరువు రాల్చుతుంది. ఫిబ్రవరి, మార్చిలో నేల ఎండి బీటలు వారుతుంటే చెట్టు ఆకుల ద్వారా నీటిని పోగొట్టుకోలేదు. అందుకే మన దగ్గర ఆకులేని కాలపు పూలన్నీ చెట్ల మీదే ఉంటాయి. మోదుగ, బూరుగ, ఇప్ప నీళ్ల కోసం వేళ్లు లోతుకు దించుకున్నవి కాబట్టి ఆకు లేకున్నా పూస్తాయి. కింద చిన్న మొక్కలకు వానలు పడేదాకా వేచి ఉండటం తప్పదు. ఇంగ్లండ్‌లో వసంతానికి నేల తడిగా ఉంటుంది కనుక అవకాశం చిన్న మొక్కలకు దక్కుతుంది. రెండు చోట్లా ఆకులేని చెట్లే. ఒకచోట పూలు తలెత్తి చూడాలి, ఇంకోచోట వంగి చూడాలి.

వుడ్ అనిమోన్ గురించి ఒక మాట. ఈ మొక్క గింజలతో పెద్దగా వ్యాపించదు. నేలలో అడ్డంగా పాకే కాడ ద్వారా ఏడాదికి అతి కొద్దిగా జరుగుతుంది. వందేళ్లకు సుమారు ఆరడుగులని చెబుతారు. వయొలెట్లు చీమలను నమ్ముకున్నాయి. గింజకు అంటి ఉన్న నూనె ముద్ద కోసం చీమలు దాన్ని మోసుకెళ్లి, ముద్ద తిని గింజను వదిలేస్తాయి. చీమ నడిచేంత దూరమే ఆ మొక్క ప్రయాణం. ఇలాంటివి విస్తారంగా కనిపిస్తే ఆ అడవి నేల శతాబ్దాలుగా దున్నబడలేదని అక్కడి వృక్షశాస్త్రజ్ఞులు గ్రహిస్తారు. ఇంగ్లండ్‌లో 1600 నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉన్నదాన్ని ప్రాచీన అడవి అంటారు. అంతకుముందు అడవులు నాటడం అరుదు కాబట్టి, ఆనాటికే ఉందంటే చాలా కాలంగా ఉందనే లెక్క. బ్రిటన్ మొత్తం భూమిలో అలాంటిది రెండున్నర శాతమే మిగిలింది. పక్క పొలంలో కొత్తగా ఓక్‌లు నాటితే ముప్పై ఏళ్లలో చెట్లు వస్తాయి. అనిమోన్లు రావు.

ఈ వసంతపు తొందర చెట్టెక్కితే ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ నగరానికి వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న వైథమ్ అడవిని మించింది లేదు. ఒక గుట్ట మీద దాదాపు వెయ్యి ఎకరాలు ఉంటుంది. 1942లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. అప్పటినుంచి అక్కడి పిట్టలు, చెట్లు, బ్యాడ్జర్లు, పురుగుల మీద పరిశోధన నడుస్తూనే ఉంది. వెళ్లాలంటే ముందుగా పర్మిట్ తీసుకోవాలి, కుక్కల్ని తీసుకెళ్లకూడదు. బాటల్లో మనుషుల అలికిడి తక్కువ. ఏప్రిల్ పొద్దుటిపూట అక్కడ నిలబడితే ముందుగా వినిపించేది గ్రేట్ టిట్ కూత, రెండే స్వరాలు మళ్లీ మళ్లీ. పిచ్చుకంత పిట్ట, పసుపు పొట్ట, దాని మీద నల్ల చార.

డేవిడ్ లాక్ అనే పక్షిశాస్త్రవేత్త 1947లో ఇక్కడ గూటిపెట్టెలు బిగించి ఈ పిట్టల్ని గమనించడం మొదలుపెట్టాడు. ఆ పని ఈనాటికీ ఆగలేదు. ఇప్పుడు పెట్టెలు వెయ్యికి పైనే. ఏ పిట్ట ఎప్పుడు మొదటి గుడ్డు పెట్టింది, ఎన్ని పెట్టింది, ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయి అన్నది తరాల తరబడి రాసి ఉంది. ఈ లెక్కలు ఎందుకంత విలువైనవో అర్థం కావాలంటే ఒక పురుగు గురించి తెలియాలి.

దాని పేరు వింటర్ మాత్. పేరుకు తగ్గట్టు ఈ చిమ్మట నవంబర్, డిసెంబర్ చలిలో నేలలోంచి బయటికొస్తుంది. ఆడదానికి ఎగిరే రెక్కలుండవు, మొండి రెక్కలే. ఓక్ మాను మీద పాక్కుంటూ పైకెక్కి, కొమ్మల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వసంతంలో ఓక్ మొగ్గలు విచ్చే సమయానికే ఆ గుడ్లు పగలాలి. ముందే పగిలితే పిల్లపురుగుకు తినడానికి ఆకు ఉండదు. ఆలస్యమైతే ఆకు ముదిరిపోతుంది. లేత ఓక్ ఆకు మెత్తగా, మాంసకృత్తులతో ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అందులో టానిన్లు పేరుకుంటాయి. మన కరక్కాయను వగరుగా చేసేది ఇదే టానిన్ల కుటుంబం. టానిన్ మాంసకృత్తులను పట్టి బిగిస్తుంది కనుక పురుగు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఓక్ ఆకుల్లో ఈ మార్పును 1960లలో పాల్ ఫీనీ అనే శాస్త్రవేత్త కొలిచి చూపింది కూడా ఈ వైథమ్‌లోనే. అందువల్ల పురుగులు ఏప్రిల్, మే నెలల్లోనే తినడం ముగించి, దారం పట్టుకుని నేలకు దిగి మట్టిలో దాక్కుంటాయి. పురుగుల ఉధృతి ఎక్కువైన ఏడు మే నెలలో ఓక్ కింద నిలబడితే సన్న తుంపర పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది వాన కాదు, పైనుంచి రాలుతున్న పురుగుల పెంటికలు. ఒక్కోసారి చెట్టంతా బోసిపోతుంది. ఓక్ బెదరదు, నడివేసవిలో ఇంకో విడత చిగురు వేస్తుంది.

ఇప్పుడు గ్రేట్ టిట్ దగ్గరికి వద్దాం. దాని పిల్లలు పెరిగేది ప్రధానంగా ఈ పచ్చ పురుగుల మీదే, తల్లీ తండ్రీ కలిసి రోజుకు వందల పురుగులు మోయాలి. ఆకలి బాగా ఎక్కువయ్యేది పిల్లలకు సుమారు పది రోజులప్పుడు. వెనక్కి లెక్కవేయండి. రోజుకొకటి చొప్పున ఎనిమిదో తొమ్మిదో గుడ్లు పెట్టాలి, రెండు వారాల దాకా పొదగాలి, ఆపైన ఇంకో పది రోజులు. అంటే పురుగులు మస్తుగా దొరికే వారానికి నెల ముందే, చెట్టు మీద ఆకు కూడా సరిగ్గా లేనప్పుడే, పిట్ట మొదటి గుడ్డు పెట్టేయాలి. ముందుచూపు ఎలా సాధ్యం? పగటి పొడవు కాలం వచ్చిందని చెబుతుంది కానీ అది ఏటా ఒకేలా ఉంటుంది. ఈ ఏడు వసంతం తొందరపడుతోందా, మందకొడిగా ఉందా అన్నది పిట్ట వెచ్చదనాన్ని బట్టి పోల్చుకుంటుంది.

వసంతాలు వెచ్చబడుతున్నాయి, ఓక్ ముందే చిగురిస్తోంది, పురుగూ ముందే వస్తోంది. వైథమ్ పిట్టలు కూడా 1960ల నాటికంటే సగటున రెండు వారాలు ముందుగా గుడ్లు పెడుతున్నాయి. 2008లో వెలువడిన విశ్లేషణలో తేలిన ముఖ్య విషయం, ఇది తరాల మీద వచ్చిన మార్పు కాదు. ఒక్కో పిట్టే ఏడాది వాతావరణాన్ని బట్టి తన తేదీని జరుపుకుంటోంది. నెదర్లాండ్స్‌లోని హోగె వెలువె అడవిలో ఇదే జాతి పిట్టలు పురుగుతో అంతగా అడుగు కలపలేకపోయాయి. పురుగు ముందుకు జరిగినంత అవి జరగలేదు. ఒకే జాతి పక్షి, మధ్యలో ఒక చిన్న సముద్రం, ఫలితాలు వేరు. 2021లో వైథమ్ పరిశోధకులు ఇంకాస్త దగ్గరగా చూశారు. గూడు చుట్టూ ఉన్న ఓక్‌లు ఆరోగ్యంగా ఉన్నచోట పిట్టలు తేదీని బాగా ముందుకు జరిపాయి, చెట్లు జబ్బుగా ఉన్నచోట ఆ మార్పు చాలా తక్కువ. ‘అడవి సగటు’ అని మనం అనుకునేది, పిట్టకు మాత్రం తన గూటి చుట్టూ ఉన్న పది చెట్లే. నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఈ ఫలితమే.

వసంతం జరగడం గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడగలుగుతున్నామంటే పాత చేతిరాతల చలవే. నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తొలి పువ్వు, తొలి ఆకు, తొలి కోకిల కూత తేదీలు రాయడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత ఆ కుటుంబం 1958 దాకా రాస్తూ వచ్చింది. ఓక్ ముందు చిగురిస్తే చిరుజల్లు, యాష్ చెట్టు ముందు చిగురిస్తే కుంభవృష్టి అని ఇంగ్లిష్ పల్లెల్లో ఒక సామెత ఉంది. వానకూ దానికీ సంబంధం లేదు. అయితే వెచ్చదనానికి ఓక్ ఎక్కువగా స్పందిస్తుంది, యాష్ తక్కువగా. కాబట్టి ఇప్పుడు దాదాపు ప్రతి ఏడూ ఓక్‌దే గెలుపు.

వెలుతురు ఎంత పడాలో ఈ అడవుల్లో వందల ఏళ్లు మనుషులే నిర్ణయించారు. ఇంగ్లిష్ అడవి అంటే గొడ్డలి పడని చోటు అనుకుంటారు చాలామంది. నిజానికి సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ అడవుల్లో 1252 నుంచి చెట్లు నరుకుతున్నట్టు రికార్డులున్నాయి. అప్పట్లో అవి బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠానివి. హేజెల్, యాష్ చెట్లను మొదలంటా కొట్టేస్తారు. మోడు చావదు, చుట్టూ పిలకలు వేస్తుంది. ఏడెనిమిదేళ్లకో, పాతికేళ్లకో మళ్లీ కొడతారు. కంచెలకు, గొడ్డలి పిడులకు, వంటచెరకుకు ఆ కర్ర సరిపోయేది. దీన్ని కాపిసింగ్ అంటారు. ఇలా కొడుతూ పోతే చెట్టు ఆయుష్షు పెరుగుతుంది. మామూలుగా రెండు మూడు వందల ఏళ్లు బతికే యాష్, బ్రాడ్‌ఫీల్డ్‌లో వెయ్యేళ్ల మోడుగా ఉందని అంచనా. కొట్టిన చోట పైకప్పు తెరుచుకుంటుంది, మరుసటి వసంతానికి ప్రిమ్‌రోజ్‌లు, వయొలెట్లు విరగబూస్తాయి. గొంగళిపురుగు దశలో వయొలెట్ ఆకు తిని పెరిగే ఫ్రిటిలరీ సీతాకోకచిలుకలు అక్కడికి చేరతాయి. నాలుగైదేళ్లలో పిలకలు గుబురెక్కి నీడ పడగానే అవి పక్కన కొత్తగా కొట్టిన చోటికి మారతాయి. తునికాకు కోసం మన తెలంగాణ అడవుల్లో ఫిబ్రవరిలో తునికి పొదలను కొట్టి కొత్త పిలకలు రప్పించడం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

బొగ్గూ, ఇనుప తీగా వచ్చాక ఆ కర్రకు గిరాకీ పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో కాపిసింగ్ దాదాపు ఆగిపోయింది, అడవులు చీకటిపడ్డాయి. ఆ సీతాకోకచిలుకలు చాలా జిల్లాల్లో కనుమరుగయ్యాయి. ఇప్పుడు పరిరక్షణ సంఘాల వలంటీర్లు చలికాలంలో రంపాలు పట్టుకుని పాత పద్ధతిలో మళ్లీ కొడుతున్నారు. చెట్లు కొడుతుంటే దారిన పోయేవాళ్లు కంగారుపడటం సహజం. కానీ ఇక్కడ నరకడం మానేయడమే పెద్ద నష్టం తెచ్చింది.

దీనికి తోడు జింకలు. తోడేళ్లు ఇంగ్లండ్‌లో ఎప్పుడో అంతరించాయి, జింకల్ని అదుపు చేసేవి లేవు. పైగా చైనా నుంచి తెచ్చి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్ పార్కులో పెంచిన మంట్‌జాక్ అనే చిన్న జింకలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటపడి దక్షిణ ఇంగ్లండ్ అంతా పాకాయి. మోడు నుంచి వచ్చిన పిలకను అవి అప్పటికప్పుడు కొరికేస్తాయి. అందుకే కొత్తగా కొట్టిన చోట చుట్టూ కంచె కడతారు.

ఇక యాష్ సంగతి. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక బూజు వల్ల కొమ్మలు చివరినుంచి ఎండిపోయే జబ్బు బ్రిటన్‌లో 2012లో బయటపడింది. వైథమ్‌లోనూ యాష్ ఎక్కువే, అక్కడా చాలా చెట్లు ఎండిపోతున్నాయి. యాష్ ఆలస్యంగా చిగురిస్తుంది, ఆకులు పలచన, దాని కింద నేలకు వెలుతురు బాగా అందుతుంది. దాని స్థానంలో సికమోర్ లాంటి చిక్కని నీడ చెట్టు వస్తే కింద పూసేవాటి లెక్కే మారిపోతుంది. జబ్బును తట్టుకునే చెట్లు కొన్ని శాతమే. వాటి అంట్లతో 2020లో హాంప్‌షైర్‌లో మూడు వేలకు పైగా చెట్ల సేకరణ ఏర్పాటైంది. సర్రేలోని మార్డెన్ పార్క్ అడవిలో లండన్‌లోని క్యూ గార్డెన్స్ వృక్షోద్యానం, క్వీన్ మేరీ యూనివర్సిటీల శాస్త్రవేత్తలు జన్యువులను పోల్చి చూసి 2025లో ఒక మంచి కబురు చెప్పారు. జబ్బు వచ్చాక పుట్టిన యాష్ మొలకల్లో తట్టుకునే గుణాలు పాత చెట్లలో కంటే కొంచెం ఎక్కువగా ఉన్నాయి. ఒక్క జన్యువు కాదు, వేల చోట్ల చిన్న చిన్న మార్పులు. అడవి తనంతట తాను ఎంపిక మొదలుపెట్టింది. ఆ మొలకలు చెట్లయి గింజ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోపు వాటిని జింక నోటికి అందకుండా చూడాలి, తలపైన కాస్త వెలుతురు పడనివ్వాలి.