పాత సిస్టమ్‌కి లినక్స్ వేయించాలా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, విండోస్ 10 ఆపేశారంట గదా. ఇక ఈ సిస్టమ్ పాత ఇనుముకేనా?"

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ముగిసినప్పటి నుంచి, ఒంగోల్లో మా సర్వీస్ షాపుకి వచ్చేవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు. ఇంకొందరు యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి, "లినక్స్ వేసెయ్ అన్నా" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి కౌంటర్ మీద పెడుతున్నారు. లినక్స్ అంటే విండోస్ బదులు సిస్టమ్‌ని నడిపే ఇంకో ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్. నేను ఇంట్లోనూ షాపులోనూ లినక్సే వాడతాను. అది ఇంకా ఎక్కువమందికి చేరాలన్నది నా కోరిక. అయినా అడిగిన ప్రతివాళ్లకీ వేసివ్వను. ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "ఈ సిస్టమ్ మీద నెలకో, మూడు నెలలకో ఒక్కసారి మాత్రమే చేసే పని ఏంటి?" రోజూ చేసే పనులు అందరూ చెబుతారు. మనల్ని ఇరుకున పెట్టేది మాత్రం ఎప్పుడో ఒకసారి వచ్చే పనే.

అపోహ: విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కాబట్టి కంప్యూటర్ ఇక పనిచేయదు.

వాస్తవం: పనిచేస్తుంది. రేపు పొద్దున బటన్ నొక్కినా ఎప్పటిలాగే ఆన్ అవుతుంది. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు. అంటే ఇకమీదట బయటపడే లోపాలను ఎవరూ సరిచేయరు. బ్యాంకు లావాదేవీలు జరిగే సిస్టమ్‌ని ఏళ్ల తరబడి అలా వదిలేయడం మంచిది కాదు, కానీ కంగారుపడి ఈ వారమే కొత్తది కొనాల్సిన పనీ లేదు. ఇళ్లలో వాడుకునేవాళ్లు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకునే వీలు మైక్రోసాఫ్ట్ కల్పించింది.

విండోస్ 11 ఎక్కుతుందా అంటే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సదుపాయం, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి. ఐ3, ఐ5 అన్నది చూడకండి, దాని పక్కనున్న అంకె చూడండి. 6100 అంటే ఆరో తరం, 8100 అంటే ఎనిమిదో తరం. ఆ షరతులను దాటవేసి అడ్డదారిలో 11 ఎక్కిస్తామనేవాళ్లు ఉన్నారు. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే మారుతున్నప్పుడు, వాటికే హామీ లేని చోటికి వెళ్లడం దేనికి?

అపోహ: లినక్స్ అంటే నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టాలి. మనవల్ల కాదు.

వాస్తవం: మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ కెర్నల్ మీదే. కెర్నల్ అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నల్‌ని మనం ఏళ్లుగా వేలితో జరుపుతూనే ఉన్నాం. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది కూడా లినక్స్ మీదే. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌లో అయితే కింద ఎడమ మూలన మెనూ, కుడి పక్కన గడియారం, వైఫై గుర్తు ఉంటాయి. విండోస్ 7 వాడిన చేతికి పది నిమిషాల్లో అలవాటవుతుంది. కమాండ్లు ఉన్నాయి, నాలాంటివాళ్లకి అవి చాలా ఉపయోగం. మీరు మాత్రం వాటి జోలికి వెళ్లకుండానే రోజులు గడిపేయొచ్చు.

అపోహ: లినక్స్ వేస్తే పాత సిస్టమ్ కొత్తదానిలా పరిగెడుతుంది.

వాస్తవం: ఇక్కడ పరిగెత్తించేది చాలావరకు లినక్స్ కాదు, ఎస్‌ఎస్‌డీ, అంటే పాత హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్. కొత్తపట్నం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వస్తారు. 2016లో కొన్న ల్యాప్‌టాప్, ఐ3 ఆరో తరం, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. "స్విచ్ వేసి, పాలు పొయ్యి మీద పెట్టి, టీ కలుపుకొని వచ్చేసరికి అప్పుడు కనబడతాయి నాయనా బొమ్మలు" అన్నారు. నేను హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ముందు అదే విండోస్ 10ని నడిపి చూపించాను. ఆమె బాధ చాలావరకు అక్కడే తీరింది. ఆ తర్వాత మింట్‌లో తేలికపాటిదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. తేడా ఇంకొంచెం తెలిసింది. కానీ ఆ వరుస మార్చి, ఎస్‌ఎస్‌డీ లేకుండా లినక్స్ ఒక్కటే వేసి ఉంటే "మారినా ఇంతేనా" అని ఆమె నిరాశపడేవారు.

ర్యామ్ సంగతీ అంతే. మింట్‌కి 2 జీబీ ఉంటే చాలంటారు, 4 ఉంటే హాయి. కానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచిపెడితే అవి ఎక్కడైనా ఒకేలా మెమరీ తింటాయి.

అపోహ: ఇప్పుడు అన్నీ బ్రౌజర్‌లోనే కదా. ఏ ఓఎస్ అయితే ఏంటి?

వాస్తవం: ఇది ఒకప్పుడు నేనూ నమ్మాను. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్ ఆఫీసు. అకౌంట్స్ చూసే కుర్రాడు రోజంతా చేసేది ఈ-వే బిల్లులు, మెయిల్, వాట్సాప్ వెబ్. అన్నీ క్రోమ్‌లోనే. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ పక్క సిస్టమ్‌లో ఉంది. ఇంకేం కావాలనుకుని మింట్ ఎక్కించి వచ్చాను. రెండు వారాలు ఫోన్ లేదు. 20వ తేదీ సాయంత్రం వచ్చింది. "అన్నా, డాంగిల్ తీసుకోవట్లేదు. ఇవాళే లాస్ట్ డేట్."

ఆ యూనిట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ప్రతి నెలా జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్న్ మీద డిజిటల్ సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉండేది పెన్‌డ్రైవ్‌లా కనిపించే చిన్న డాంగిల్‌లో. సిస్టమ్ దాన్ని గుర్తుపట్టేలా చేసే డ్రైవర్ వేరు, జీఎస్‌టీ పోర్టల్‌కి దాన్ని కలిపే సాఫ్ట్‌వేర్ వేరు. రెండూ కుదిరితేనే సంతకం పడుతుంది. అంతకుముందు ఆ డాంగిల్ గురించి నేను అడగనే లేదు. అది సొరుగులో ఉంటుంది, నెలకొకసారే బయటికి వస్తుంది. షాపులో ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, బండేసుకుని చీమకుర్తి వెళ్లి, అన్నీ వేసి, రిటర్న్ ఫైల్ అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ కుర్రాడు ఓనర్‌కి ఏం చెప్పాలో తెలియక పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే. ఆ రోజు నుంచే ఎవరు వచ్చినా నెలకోసారి పని గురించి అడుగుతున్నాను.

డాంగిల్స్‌లో లినక్స్‌కి డ్రైవర్లున్నవీ ఉన్నాయి. ఓటీపీతో ఫైల్ చేసే చిన్న వ్యాపారులకైతే అసలు ఈ గొడవే లేదు. మీది ఏ రకమో ముందే తేల్చుకోవాలి, అంతే.

టాలీప్రైమ్ విండోస్ కోసం తయారైంది. వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో లినక్స్‌లో నడిపేవాళ్లు ఉన్నారు. నేను ఆ పని చేయను. షాపు లెక్కలు మొత్తం ఉండే చోట "చాలావరకు పనిచేస్తుంది" అన్న మాట సరిపోదు. టాలీ వాడే సిస్టమ్‌ని విండోస్‌లోనే ఉంచండి. ఫొటోషాప్, ఆటోక్యాడ్‌లదీ ఇదే దారి. ఆధార్ వేలిముద్ర మెషీన్ వాడే సెంటర్లవాళ్లు, ఆ మెషీన్ కంపెనీ లినక్స్‌కి డ్రైవర్ ఇస్తోందో లేదో కనుక్కోకుండా అసలు కదలకండి.

లారీ కాటాల దగ్గర సిస్టమ్‌లు మరో రకం. కాటా మెషీన్ నుంచి సీరియల్ కేబుల్, ఎప్పుడో ఎవరో రాసిచ్చిన సాఫ్ట్‌వేర్, రాసినతను ఇప్పుడు ఫోన్‌కి దొరకడు. అలాంటి దానికి నా సలహా ఒకటే: ఇంటర్నెట్ వైరు తీసేయండి, డేటా బ్యాకప్ తీసిపెట్టుకోండి, ఓఎస్‌ని ముట్టుకోకండి.

అపోహ: లినక్స్‌లో తెలుగు రాదు.

వాస్తవం: బ్రహ్మాండంగా వస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా సంతోషం. అయితే ఇక్కడ రెండు తెలుగులున్నాయి. ఆ తేడా తెలియకే అపోహ పుట్టింది.

పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో ఏళ్లుగా నడుస్తున్నది అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతిలో లేవు. ఫాంట్ లేని సిస్టమ్‌లో అదే ఫైల్ తెరిస్తే అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనబడుతుంది. ఆ పని మీద బతికేవాళ్లు ఆ సిస్టమ్‌ని మార్చకూడదు. పాత ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి, కస్టమర్ "పోయినసారి కార్డే, పేర్లు మార్చు" అంటాడు.

రెండోది యూనికోడ్ తెలుగు. మనం ఫోన్‌లో రాసేది, వాట్సాప్‌లో పంపేది ఇదే. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పటినుంచో ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే అందులో యాపిల్ అనే తెలుగు కీబోర్డు కూడా ఉంటుంది. అనూలో యాపిల్ మీద చేయి తిరిగినవాళ్లకి అదే అమరిక. మా వీధిలోనే డీటీపీ చేసే ఒకమ్మాయికి నా సిస్టమ్‌లో అది ఆన్ చేసి, "కొట్టమ్మా" అన్నాను. అలవాటు కొద్దీ "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కీబోర్డు వైపు చూడకుండా కొట్టేసింది. తర్వాత తలెత్తి స్క్రీన్ చూసి, "అన్నా, ఇది వాట్సాప్‌లో ఇట్టాగే పోద్దా?" అంది. పోయింది. ఆమె షాపు సిస్టమ్ ఇప్పటికీ విండోసే. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి మాత్రం లినక్స్ వేయించుకుంది.

ఫాంట్లకీ కొదవ లేదు. లోహిత్, పోతన, వేమన ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగా దించుకోవచ్చు. టీచరమ్మ లిబ్రేఆఫీస్‌లో మండలి ఫాంట్ పెట్టుకుని తమ ఊరి కబుర్లు రాసుకుంటున్నారు.

అపోహ: లినక్స్‌లో ప్రింటర్లు పనిచేయవు.

వాస్తవం: కొన్ని విండోస్ కంటే సులువుగా పనిచేస్తాయి, కొన్ని ప్రాణం తీస్తాయి. ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు మామూలుగా ఇబ్బంది పెట్టవు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007 లాంటివాటికి హెచ్‌పీ ప్లగిన్ ఒకటి ఇంటర్నెట్ నుంచి దించాలి. అది లేకపోతే ప్రింటర్ కనిపిస్తుంది గానీ కాగితం కదలదు. జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనబడే కెనాన్ ఎల్‌బీపీ 2900 ఉంటే మాత్రం మారకముందే నాతో మాట్లాడండి. అది సీఏపీటీ అనే తన సొంత పద్ధతిలో పనిచేస్తుంది. లినక్స్‌లో దాన్ని నిలకడగా నడపడం మాకే కష్టం.

అపోహ: లినక్స్‌కి వైరస్‌లు రావు.

వాస్తవం: తక్కువ. అస్సలు రావన్నది తప్పు. మన దగ్గర ఎక్కువగా కనిపించే జబ్బు, జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి తెస్తే ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం. అది విండోస్ కోసం రాసింది కాబట్టి లినక్స్‌లో కదల్లేదు. దాచేసిన అసలు ఫైళ్లు కూడా లినక్స్‌లో ఎదురుగానే కనబడతాయి. హాల్ టికెట్ పోయిందని ఏడుపు ముఖంతో వచ్చిన పిల్లలకి నేను అలాగే తీసిస్తుంటాను.

కానీ 2024 మార్చిలో ఏమైందో చూడండి. లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరో దొంగదారి చొప్పించారు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందేంటని తవ్వుకుంటూ పోయాడు. చాలామంది వాడే లినక్స్ రకాలైన ఉబుంటు ఎల్‌టీఎస్, డెబియన్ స్టేబుల్‌లోకి చేరకముందే బయటపడింది కాబట్టి సరిపోయింది. ఇక మీ బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ లింకులో పాస్‌వర్డ్ కొడితే, మీరు ఏ ఓఎస్‌లో ఉన్నారన్నది ఆ దొంగకి అవసరం లేదు.

అపోహ: విండోస్, లినక్స్ రెండూ వేసుకుంటే ఏ బాధా ఉండదు.

వాస్తవం: చదువుకునేవాళ్లకి బాగుంటుంది. ఇంట్లో నలుగురూ వాడే సిస్టమ్‌లో మాత్రం నేను ప్రోత్సహించను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. లినక్స్‌లో ఆ డ్రైవ్ చదవడానికే తెరుచుకుంటుంది, అందులో ఏమీ సేవ్ కాదు. గడియారం సంగతి ఇంకోటి. మదర్‌బోర్డులో ఉన్న టైమ్‌ని విండోస్ మన టైమ్ అనుకుంటుంది, లినక్స్ ప్రపంచ ప్రామాణిక టైమ్ అనుకుంటుంది. అందుకే ఒక్కోసారి విండోస్ తెరిస్తే సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. బ్యాటరీ పోయిందని మదర్‌బోర్డు సెల్ మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక చిన్న సెట్టింగ్‌తో పోయేదది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది బిట్‌లాకర్ దగ్గర. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి ఈ బిట్‌లాకర్ తాళం దానంతటదే పడి ఉంటుంది. రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోకుండా బూట్ సెట్టింగ్‌లు కదిపితే, మీ ఫొటోలు మీకే తెరుచుకోకపోవచ్చు.

అపోహ: బీటెక్ కంప్యూటర్స్ చదివేవాళ్లు లినక్స్‌కే మారాలి.

వాస్తవం: నేర్చుకోవాలి. సర్వర్ల ప్రపంచమంతా అదే. కానీ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో కెమెరాతో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని లినక్స్‌లో పనిచేయవు. చదువు పూర్తయ్యేదాకా విండోస్‌ని తీసేయకండి. మీకు పైన చెప్పిన రెండు ఓఎస్‌ల పద్ధతే సరిపోతుంది.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మారాలనిపిస్తే, మింట్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. ఇన్‌స్టాల్ చేయకుండానే దాని మీద నుంచి సిస్టమ్ ఆన్ అవుతుంది. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ అన్నీ చూసుకోండి. కాస్త నెమ్మదిగా ఉంటుంది, అది పెన్‌డ్రైవ్ వేగం. నచ్చితే కొత్త ఎస్‌ఎస్‌డీలో లినక్స్ వేద్దాం. విండోస్ ఉన్న పాత హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ కొట్టించకండి. కవర్‌లో చుట్టి, మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి. జీతాల రోజు, 20వ తేదీ, పిల్లల ఫీజు కట్టే రోజు, అన్నీ రెండేసి సార్లు కొత్త దాని మీద గడిచాక, అప్పుడు తీసుకురండి ఆ డిస్క్.