గుర్రం గుండె ప్రోటీన్ మన ల్యాబుల్లోకి ఎలా వచ్చింది?

హైదరాబాద్‌లో మేక, గొర్రె, గేదె మాంసాలకు కొరత లేదు. గుర్రపు మాంసం తినేవారు మాత్రం కనిపించరు. అయినా హబ్సిగూడ నుంచి గచ్చిబౌలి దాకా ప్రోటీన్లతో పనిచేసే ల్యాబుల్లో ‘మయోగ్లోబిన్’ కావాలంటే సాధారణంగా తెప్పించేది గుర్రం గుండె లేదా కండరం నుంచి శుద్ధిచేసిన పొడినే. ఈ అలవాటు వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

కండరంలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఈ ప్రోటీన్‌లో 153 అమైనో ఆమ్లాల గొలుసు ఒక్కటే ఉంటుంది, దాని మడతల నడుమ ఆక్సిజన్‌ను పట్టే, ఇనుమున్న ‘హీమ్’ అనే చిన్న అణువు ఒకటి. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు నాలుగు గొలుసులు కాబట్టి ఆక్సిజన్ పట్టే లెక్కలు చిక్కుపడతాయి, మయోగ్లోబిన్‌తో తేలిక. ఆదివారం మటన్ కడిగినప్పుడు దిగే ఎర్రనీటిని రక్తమనుకుంటాం గానీ, ఆ ఎరుపు చాలావరకు దీనిదే.

1921లో జర్మనీకి చెందిన హాన్స్ గుంథర్ దీనికి ఆ పేరు పెట్టాడు. 1932లో స్వీడన్ శాస్త్రవేత్త హ్యూగో థియోరెల్ గుర్రం గుండె నుంచి దీన్ని స్ఫటికాలుగా రాబట్టడంతో శుద్ధమైన మయోగ్లోబిన్ చేతికొచ్చింది. అయితే కేంబ్రిడ్జ్‌లో జాన్ కెండ్రూ ఎక్స్‌రేలతో దీని ఆకారాన్ని తేల్చడానికి పూనుకున్నప్పుడు గుర్రపు స్ఫటికాలు ఆ పనికి చాలినంత పెద్దవిగా పెరగలేదు. సముద్రంలో లోతుకు మునిగే జంతువుల కండరాల్లో ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉంటుందని ఆయన పెరూ నుంచి తెప్పించిన స్పెర్మ్ తిమింగలం మాంసాన్ని వాడి చూడగా మంచి స్ఫటికాలు వచ్చాయి. 1958లో స్థూలంగా, 1960లో 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) స్పష్టతతో బయటపడిన ఆ నిర్మాణం, ప్రపంచం చూసిన మొట్టమొదటి ప్రోటీన్ ఆకృతి. హిమోగ్లోబిన్‌పై పనిచేసిన మాక్స్ పెరూట్జ్‌తో కలిసి కెండ్రూ 1962లో నోబెల్ అందుకున్నాడు.

తర్వాత తిమింగలం దారి మూసుకుపోయింది. వాణిజ్య వేటను ఆపాలని అంతర్జాతీయ తిమింగల కమిషన్ 1982లో నిర్ణయించింది. 1987లో స్ప్రింగర్, స్లైగర్ అనే అమెరికా పరిశోధకులు తిమింగలపు మయోగ్లోబిన్ జన్యువును కృత్రిమంగా తయారుచేసి ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి, తిమింగలం లేకుండానే దాని ప్రోటీన్‌ను తీశారు. జన్యువును మార్చి చూడాలనుకునేవారు ఆ దారి పట్టారు. మామూలు అవసరాలకు కబేళాల్లో దొరికే గుర్రం గుండె నిలిచిపోయింది. దాని ప్రోటీన్ గొలుసు బరువు సుమారు 16,951 డాల్టన్లని (డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు) కచ్చితంగా తెలిసి ఉండటం వల్ల అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్లను సరిచూసుకోవడానికీ అదే ప్రమాణమైంది.

సీసాలో వచ్చే పొడి గోధుమ రంగులో ఉంటుంది, ఎందుకంటే అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది ఆక్సిజన్‌ను పట్టలేని స్థితిలో ఉంటుంది. బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో) కరిగించి, ఆక్సీకరణను వెనక్కి తిప్పే సోడియం డైథియోనైట్ చిటికెడు వేస్తే ద్రావణం ఊదాఛాయకు తిరుగుతుంది. అదనపు డైథియోనైట్‌ను చిన్న కాలమ్ (వడపోత గొట్టం) మీద తొలగించి గాలి తగలనిస్తే నిగనిగలాడే ఎరుపొస్తుంది. ద్రావణం ఏ రంగు కాంతిని ఎంత పీల్చుతుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో శిఖరం 409 నానోమీటర్ల నుంచి 434కు, అక్కడి నుంచి 418కి జరుగుతుంది. ఈ మెట్టు దాటవేసి, సీసాలోది నేరుగా ఆక్సిజన్ మోస్తుందనుకుని లెక్కలు కట్టే విద్యార్థులకు ఫలితాలు తేడా కొట్టడం సహజం.

ఆస్పత్రుల్లో గుండెపోటును త్వరగా పసిగట్టడానికి రక్తంలో దీన్ని కొలిచేవారు. ఏ కండరం దెబ్బతిన్నా ఇది పెరుగుతుంది కాబట్టి ఆ స్థానాన్ని గుండె కండరపు దెబ్బనే ప్రత్యేకంగా చూపే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ తీసుకుంది.

ఇక గేదె సంగతి. చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్న నగరంలో, గేదె మయోగ్లోబిన్‌ను ఇక్కడే తీసుకోవచ్చుగా అనిపించడం న్యాయమే. మాంసాన్ని చల్లని బఫర్‌లో నూరి, అమోనియం సల్ఫేట్ అనే లవణంతో ఇతర ప్రోటీన్లను అడుక్కి దించేసి, మిగిలిన ద్రవాన్ని అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ కాలమ్ గుండా పంపితే, దాదాపు 64 వేల డాల్టన్ల హిమోగ్లోబిన్ ముందు దిగిపోయి 17 వేల డాల్టన్ల మయోగ్లోబిన్ వెనక వస్తుంది. పని కష్టమైనది కాదు. అయితే దశాబ్దాలుగా అచ్చయిన కొలతల్లో ఎక్కువ భాగం గుర్రానివో తిమింగలానివో కావడంతో, గేదెది వాడదలచినవారు శుద్ధతను, బరువును, వర్ణపటాన్ని (అది పీల్చే కాంతి తీరును) ముందు తామే రుజువు చేసుకోవాలి. మూడేళ్ల ఫెలోషిప్‌లో ఉన్న విద్యార్థికి సీసా కొనడమే చవక.