చెవిలో హోరు: అపోహలు, వాస్తవాలు

చెవిలో హోరుమంటోందని మా దగ్గరికి వచ్చేవారిలో కొందరి చేతిలో మెదడు ఎంఆర్‌ఐ ఫిల్ముల కవరు ఉంటుంది గాని, వినికిడి పరీక్ష కాగితం ఉండదు. ఈ తలకిందుల వరస చూసి చూసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: హోరు మొదలైతే ముందుగా స్కానింగ్ తీయించుకోవాలి.

వాస్తవం: ముందుగా తేలవలసినవి మూడు సంగతులు: హోరు ఒక చెవిలోనా, రెండింటిలోనా; ఏకధాటిగా ఉందా, నాడితో (పల్స్‌తో) పాటు కొట్టుకుంటోందా; వినికిడి తగ్గిందా. వాడుతున్న మందుల చీటీ కూడా తప్పక చూస్తాం, ఎందుకంటే ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ వంటివి హోరును తెచ్చిపెట్టగలవు. తరువాత ఓటోస్కోప్‌తో చెవి లోపల చూస్తాం. గట్టిపడిన గులిమే కారణమైతే అది తీసేయడంతోనే చాలాసార్లు ఉపశమనం దొరుకుతుంది.

ఆ పైన అసలైన పరీక్ష ఆడియోమెట్రీ, అంటే 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినబడుతోందో కొలవడం. శబ్దం చొరబడని గదిలో కూర్చున్న మనిషి, వినబడుతున్నది మిషనుదో తన చెవిదో తేల్చుకోలేక బొత్తాం మీద వేలు పెట్టి తటపటాయిస్తాడు. అందుకే స్వరాన్ని ఆపి ఆపి వినిపిస్తాం. మరమగ్గాల మధ్య చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసినవారి పరీక్ష ఫలితాల గీతపటంలో, అంటే ఆడియోగ్రామ్‌లో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలోకి దిగినట్లు తరచుగా కనబడుతుంది, అంటే ఆ స్వరం దగ్గర వినికిడి తగ్గిందన్నమాట.

హోరు ఒకే చెవిలో ఉన్నా, రెండు చెవుల వినికిడిలో తేడా ఉన్నా, వినికిడి నరంపై గడ్డ లేదని తేల్చుకోవడానికి ఎంఆర్‌ఐ అవసరమవుతుంది. నాడితో పాటు కొట్టుకునే హోరుకు రక్తనాళాల పరీక్షలు వేరుగా ఉంటాయి.

అపోహ: ఇతరులకు వినబడదు కనుక అది మనసు భ్రమ.

వాస్తవం: 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ వినికిడి బాగున్న 80 మందిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినబడిందన్నారు. చెవి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడు తన స్పందన పెంచుకోవడమే హోరుకు మూలమన్నది నేడు ఎక్కువమంది అంగీకరించే వివరణ.

అపోహ: వెచ్చని నూనె పోస్తే తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే చీము పట్టే ప్రమాదం ఉంది.

అపోహ: మందు లేదు కనుక భరించక తప్పదు.

వాస్తవం: హోరును మాన్పే మాత్ర లేదన్నది నిజమే, జింకో బిలోబా అనే మూలికా మందు వాడమని సిఫారసు చేయవద్దని 2014 నాటి అమెరికా చెవి వైద్యుల మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అయితే వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం బయటి శబ్దాలను తిరిగి అందించి, హోరును వెనక్కి నెడుతుంది. నిద్ర పట్టనివారు పూర్తి నిశ్శబ్దంలో పడుకోకుండా ఫ్యాను చప్పుడో వాన శబ్దమో హోరు కంటే కాస్త తక్కువ స్థాయిలో పెట్టుకోవాలి. ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ శబ్దాన్ని తగ్గించదు, శబ్దం పుట్టించే భయాన్ని తగ్గిస్తుంది. నా అనుభవంలో మనిషిని కుంగదీసేది ఎక్కువగా ఆ భయమే.

ఒక్క సందర్భంలో మాత్రం తగ్గుతుందేమో చూద్దామని ఆగకూడదు. రాత్రి పడుకుని లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్లై హోరు మొదలైతే అదే రోజు చెవి వైద్యుణ్ణి కలవాలి. వినికిడి హఠాత్తుగా పడిపోయినప్పుడు ఇచ్చే స్టిరాయిడ్లు మొదటి రెండు వారాలలో, వీలైనంత తొందరగా మొదలుపెట్టవలసినవి.