ముందు ఆయన రిపోర్టు తెప్పించండి

పెళ్లై ఏడాది తిరిగిందో లేదో "ఏంటమ్మా, ఇంకా విశేషం ఏం లేదా" అని మొదలెట్టేస్తారు మన ఇళ్లల్లో, అడిగేదీ కోడల్నే, తాయెత్తు కట్టేదీ కోడలికే, చివరికి హాస్పిటల్‌కి వెళ్లినా స్కానింగులూ రక్తపరీక్షలూ అన్నీ ఆవిడకే. ఆయనగారేమో బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ ఉంటారు. తీరా చూస్తే పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక సమస్య ఉంటుంది, కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో ఇద్దరికీ ఉంటుంది. కాబట్టి సూదీ మత్తూ ఏమీ లేకుండా అయిపోయే సెమెన్ అనాలసిస్, అంటే ఆయన వీర్య పరీక్ష, మొదట్లోనే చేయించేస్తే బోలెడు టైమూ డబ్బూ మిగులుతాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, ఏ జాగ్రత్తా వాడకుండా కలుస్తూ ఏడాదైనా నెల తప్పకపోతే వెళ్లాలి, ఆవిడకి 35 దాటితే 6 నెలలు చాలు, పీరియడ్సే సరిగా రాకపోతే అంత కూడా ఆగక్కర్లేదు. ఏడాది ఎందుకంటారా, అన్నీ బాగున్న వయసు జంటకే ఒక్కో నెలలో గర్భం నిలిచే అవకాశం నూటికి 20-25 మాత్రమే. అండం విడుదలయ్యాక బతికేది 12 నుంచి 24 గంటలు, వీర్యకణాలు మాత్రం లోపల 5 రోజుల దాకా ఉండగలవు, అంటే అండం రాకముందు రోజులే ముఖ్యం. చాలామంది క్యాలెండర్లో 14వ రోజుకి గుండ్రం చుట్టేస్తారు కానీ అది 28 రోజుల సైకిల్ లెక్క, 35 రోజులకి వచ్చేవాళ్లకి 21వ రోజు దగ్గర్లో అవుతుంది.

సరే, ఆ టెస్టు సంగతి. 2 నుంచి 7 రోజులు వీర్యం పోనివ్వకుండా ఆగి శాంపిల్ ఇవ్వాలి, ల్యాబ్ వాళ్ల డబ్బాలోనే పట్టాలి, మామూలు కండోమ్‌లో పడితే కణాలు చచ్చిపోయి రిపోర్టు తప్పొస్తుంది. ఇంటి నుంచి తెస్తే గంటలోపు, చల్లబడకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. మొదట వచ్చిన చుక్కలు కింద పడిపోతే సిగ్గుపడకుండా చెప్పేయండి, ఎక్కువ కణాలు ఉండేది వాటిలోనే. ఇక రిపోర్టులో "నార్మల్ ఫామ్స్ 4 శాతం", అంటే సరైన ఆకారంలో ఉన్న కణాలు నూటికి నాలుగే, అని చూడగానే మిగతా 96 పాడైపోయాయని గుండె జారిపోతుంది, నిజానికి డబ్ల్యూహెచ్‌వో 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం కింది హద్దే 4 శాతం, కౌంట్‌కైతే ఎంఎల్‌కి కోటీ 60 లక్షలు, కదలికకి 42 శాతం. ఒక్క రిపోర్టు బాలేకపోతే దాన్ని బట్టే తీర్పు ఇచ్చేయకూడదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మొన్నెప్పుడో వచ్చిన గట్టి జ్వరం దెబ్బ ఈరోజు కౌంట్‌లో కనపడొచ్చు, కొన్నాళ్లాగి మళ్లీ చేయించాలి.

జిమ్ కుర్రాళ్లకి ఒక మాట. కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే మగతనం పెరుగుతుందనుకుంటారు, జరిగేది తలకిందులు. బయట నుంచి భోజనం వస్తోంది కదాని ఇంట్లో పొయ్యి ఆర్పేసినట్టు, రక్తంలో హార్మోన్ ఎక్కువ కనపడగానే మెదడు వృషణాలకి పంపే సిగ్నల్ ఆపేస్తుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు. మానేస్తే చాలామందికి తిరిగొస్తుంది కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే.

సున్నా వచ్చినా అంతా అయిపోయినట్టు కాదు. దారి మూసుకుపోయి కణాలు బయటికి రాకపోతే వృషణం నుంచే సూదితో తీయొచ్చు. ఒక్క కణాన్ని పట్టుకుని సన్నటి గాజు సూదితో నేరుగా అండంలోకి పంపే ఇక్సీ పద్ధతితో పుట్టిన బిడ్డ గురించి 1992లో బెల్జియం డాక్టర్లు ప్రకటించారు, మగవాళ్ల సమస్యకి అసలైన మలుపు అదే.

ఆవిడ టెస్టుల్లో ఎక్కువ భయపెట్టేది ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్ష. తక్కువొచ్చింది కాబట్టి ఇక ఐవీఎఫే (అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి, ఆ పిండాన్ని గర్భంలో పెట్టడం) అంటే తొందరపడకండి, అండాలు సుమారు ఎన్ని మిగిలాయో, అండాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్లకి ఎన్ని రావొచ్చో మాత్రమే అది చెప్తుంది, అండం నాణ్యత గురించి కాదు, మామూలుగా గర్భం రాదని అసలే కాదు. దానికంటే అండం గర్భసంచిలోకి వచ్చే ట్యూబులు తెరిచి ఉన్నాయా అని చూడ్డం ముఖ్యం, మన దేశంలో టీబీ వల్ల ట్యూబులు మూసుకుపోవడం తక్కువేం కాదు. పీసీఓడీతో (హార్మోన్ల తేడా వల్ల అండాశయాలకి వచ్చే సమస్య) అండం విడుదలవ్వని వాళ్లలో చాలామందికి లెట్రోజోల్ మాత్రలతోనే పని జరుగుతుంది.

ఐవీఎఫ్ దాకా వెళ్తే లెక్క ముందే తెలుసుకోండి. పది అండాలు తీశారనుకోండి, పక్వమైనవి ఏ ఎనిమిదో, ఫలదీకరణ అయ్యేవి ఐదో ఆరో, ఐదో రోజు దాకా నిలిచే పిండాలు రెండో మూడో, అదీ వయసు కలిసొస్తే. అందుకే బోర్డు మీద పెద్దంకెల్లో సక్సెస్ రేటు రాసిన చోట అడగాల్సినవి ఉన్నాయి: అది పాజిటివ్ వచ్చినవాళ్ల లెక్కా, బిడ్డతో ఇంటికెళ్లినవాళ్ల లెక్కా, ఏ వయసు వాళ్లది, సొంత అండాలతోనా, దాత అండాలతోనా. ఇలాంటి సంతాన చికిత్సల కోసం మన దేశంలో వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, ఆ నంబరు కూడా అడగండి, అడిగితే విసుక్కునే చోట డబ్బు కట్టకండి.