చుంచు ఎలుక కాదర్రా

మందస

బుజ్జీ, చిన్నా,

పండక్కి వచ్చినప్పుడు బియ్యం బస్తాల వెనక కీచుకీచుమన్నదాన్ని చూసి ఇద్దరూ మంచం ఎక్కేశారు. "తాతా, ఎలుక!" అని ఒకటే గోల. నేనూ చీపురు అందుకున్నాననుకోండి. కానీ అది ఎలుక కాదర్రా, చుంచు. పొడుగాటి మూతి, సూదుల్లాంటి పళ్ళు. దానికి కావలసింది బియ్యం కాదు, బస్తాల కింది బొద్దింకలు. పిల్లి దాన్ని చంపుతుందే గానీ తినదు. ఒంటి పక్కనున్న గ్రంథుల కంపు అలాంటిది మరి.

దాని చుట్టం ఒకటి పశ్చిమ కనుమల్లో, నీలగిరుల పైన ఉంది. మనింటి చుంచు కన్నా చాలా చిన్నది. పేరు డే చుంచు. మద్రాసులో సైన్యానికి వైద్యం చేస్తూ మన దేశపు చేపల మీద పెద్ద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ డే పేరే దీనికి పెట్టి, 1888లో డాబ్సన్ అనే ఆయన లోకానికి పరిచయం చేశాడు. చేపలాయన పేరు చుంచుకి తగలడం నాకు భలే నచ్చింది!

మీ మామ్మ పోసిన టీ గ్లాసులో ఇట్టే చల్లారిపోయింది, గిన్నెలో మిగిలింది మాత్రం వేడిగానే ఉంది, గుర్తుందా? చిన్న ఒంటికీ అదే తిప్పలు. వేడి నిలవదు. లోపలి పొయ్యి ఆరకుండా రాత్రీ పగలూ పురుగులు తింటూనే ఉండాలి. చుంచుల్లో మరీ బుల్లి జాతి ఒకటుంది, రూపాయి బిళ్ళలో సగం బరువు. దాని గుండె నిమిషానికి 1,500 సార్లు దాకా కొట్టుకుంటుందట. మరి డే చుంచు ఉండేచోట చలికాలం రాత్రుళ్ళు గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

అది మన మహేంద్రగిరికి రాలేదా అంటాడు చిన్నా, నాకు తెలుసు. వరండాలోంచి కనిపించే ఆ కొండ 1,501 మీటర్ల ఎత్తున్నా, నీలగిరుల నుంచి ఇక్కడికి రావాలంటే మధ్యలో ఎండకి మాడే మైదానాలు దాటాలి. దానికేమో షోలా అడవుల్లోని, అంటే ఆ చల్లటి కొండల మడతల్లో పెరిగే అడవుల్లోని, తడి ఆకుల చెత్త కావాలి. ఆ అడవుల్ని చాలాచోట్ల కొట్టేసి తేయాకు, యూకలిప్టస్ వేశారు. అందుకే అంతరించే ముప్పున్న జీవుల్లో దాన్నీ చేర్చారు.

మీరు వెళ్ళిన రెండోరోజు బస్తా కాస్త జరిపాను. తల్లి ముందు, దాని తోక మొదలు పళ్ళతో పట్టుకుని ఒక పిల్ల, ఆ పిల్లని పట్టుకుని ఇంకొకటి. అలా నాలుగు! గోడ వారనే గొలుసులా పోయాయి. మూల తిరిగేటప్పుడు ఆఖరిది జారి, కీచుమని అరిచి, మళ్ళీ పట్టుకుంది.

బస్తా మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాను. మీ మామ్మ ఇంకా తిడుతూనే ఉంది.

మీ తాత